ఇందిర టీచర్ మొదటి సంతకం

ఇందిర టీచర్ చేతికి పెళ్లి శుభలేఖ ఇస్తే ముహూర్తం చూసి పక్కన పెట్టే మనిషి కాదు. అడుగున ప్రెస్సు పేరు దాకా చదివి, తప్పులుంటే పెన్నుతో దిద్ది మరీ తిరిగిచ్చేది. నందివాడ మండలంలో ఓ ఊళ్లో (పేరెందుకు లెండి) ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి అక్కడే రిటైరైంది. "చదవందే దేని మీదా సంతకం పెట్టకండమ్మా" అని ఆడవాళ్లకి చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పెట్టింది.

ఆ ఊరి రైతు ధర్మారావు ఆవిడకి కుడిభుజం. పదిహేనేళ్ల కిందట దళితపేట వాళ్లకి టీకొట్లో వేరే గ్లాసులు పెడితే, ఇద్దరూ వెళ్లి బల్ల మీద కూర్చుని ఆ గ్లాసుల్లోనే టీ పొయ్యమన్నారు. కొట్టువాడు సిగ్గుతో చచ్చిపోయాడు. మర్నాటి నుంచి అందరికీ ఒకే గ్లాసులు. ఆ ఊపులో పుట్టిందే సమాన హక్కుల వేదిక. అర్జీలు ధర్మారావు రాసేవాడు, గుండ్రటి అక్షరాలతో. ఆవిడ చదివి సంతకం పెట్టేది. కొన్నాళ్లకి చదవడం మానేసింది. తమ్ముడిలాంటి వాడి రాతని కూడా అనుమానిస్తారా ఎవరైనా!

పోయిన డిసెంబరు పదో తేదీన పంచాయతీ ఆఫీసు దగ్గర మానవ హక్కుల దినం జరిపారు. గ్రామసభ కూడా అప్పుడే అన్నారు. ఆవిడ మైకులో అరగంట మాట్లాడింది. దిగగానే ధర్మారావు గ్రామసభ రిజిస్టరు పట్టుకొచ్చాడు.

"మొదటి సంతకం మీదే అక్కయ్య గారూ, హాజరుకి."

పేజీ పై సగంలో ఏదో రాసుంది. ఆ గుండ్రటి అక్షరాలు చూసి ఆవిడ కింద సంతకం పెట్టేసింది. వెనకే పేట నుంచి వచ్చిన నలభై ముగ్గురూ వరసగా పెట్టారు.

సంక్రాంతి వెళ్లిన వారానికి పేట శ్మశానంలోకి పొక్లెయిన్ దిగింది. అప్పటికే మూడు వైపులా చేపల చెరువులే. ఈ డెబ్బై సెంట్లు కూడా కలిపేసుకుంటే చెరువు యజమాని దుర్గాప్రసాద్‌కి గట్టు తిన్నగా వస్తుందట. ఎలక్ట్రీషియన్ విల్సన్ పరిగెత్తుకెళ్లి అడ్డం పడేసరికే వాళ్లమ్మ సమాధి లేచిపోయింది. "మీరే ఒప్పుకున్నారుగా, తీర్మానముంది" అన్నాడు మిషను తెచ్చిన మేస్త్రీ.

విల్సన్ చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నాడు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకెళ్లి రిజిస్టరు తీయించాడు. శ్మశానం వాడకంలో లేదు, ఇచ్చేయడానికి అభ్యంతరం లేదు అని నిక్షేపంగా రాసుంది. కింద మొట్టమొదటి సంతకం ఆవిడది.

తిన్నగా ధర్మారావు ఇంటికెళ్లింది. ఆయన కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఎందుకు చేశారీ పని?"

"దుర్గాప్రసాద్ మా చెల్లెలి మొగుడండీ. రోజూ ఇంటికొచ్చి కూర్చుంటే ఎన్నిసార్లు కాదంటాను? అసలు మీరు చదువుతారనే అనుకున్నాను. చదివి గొడవ చేస్తే, నా వల్ల కాలేదు బావా అని తప్పుకుందామనుకున్నాను. మీరు చదవలేదు."

తప్పంతా ఈవిడదే అన్నట్టు! ఒళ్లు మండిపోయింది ఆవిడకి. తిట్టాలనుకుంది. పదిహేనేళ్లు పక్కన కూర్చున్న మనిషిని ఏమని తిట్టాలో తెలియక వచ్చేసింది.

సోమవారం బందరు కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చింది. ఈసారి తనే రాసింది. చదవకుండా సంతకం పెట్టాననీ, తనని చూసే మిగతావాళ్లు పెట్టారనీ, రాయించింది ఫలానా ధర్మారావు అనీ, ఏదీ దాచలేదు. అది చదివి ఆఫీసరు ఒకసారి తలెత్తి ఆవిడ మొహం చూశాడు. విచారణ తేలేదాకా పని ఆపమని రాసిచ్చాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

సాక్షిగా వచ్చిన విల్సన్, తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. గూడూరు దాటాక ఆవిడే కదిపింది.

"ధర్మారావు మీద కేసు పెడతారేమో విల్సన్. పెట్టనీ. మీవాళ్ల కోపం కూడా కాస్త చల్లారుతుంది."

"ఆయన మీద మా పేటలో ఎవరికీ కోపం లేదండి."

"అదేంటి?"

"ఆయన్ని ఎప్పుడు నమ్మాం గనకండి? ఆయన ఒక్కడూ తెచ్చిన కాగితమైతే మావాళ్లు చదివించుకునేవాళ్లండి. మీ సంతకం చూసి చదవలేదు."

అతని గొంతులో కోపం కూడా లేదు. ధర్మారావు నన్ను మోసం చేశాడు, నిలువునా ముంచాడు అని వారం రోజుల నుంచి కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకుంటోంది ఇందిర టీచర్. విల్సన్ ముందు మాత్రం ఆ మాట అనలేకపోయింది.