చుక్కలమ్మ గీయలేని ముఖం

"బతికున్న మనిషికి సమాధిరాయి తెస్తావా? నీకసలు బుద్ధి ఉందా?"

"నీ ఇంటికి తేలేదుగా. నా గదిలో పెట్టుకున్నాను."

"అమ్మ ఉన్నది కూడా ఆ గదిలోనే కదే."

"అవును. ఆవిడకి చెవులు కూడా ఉన్నాయి. నువ్వు అరిచేదంతా వింటోంది."

మందుల సంచీతో నేను మెట్ల మీదే ఆగిపోయాను. మామయ్య గొంతు కింద టైలర్ షాపు దాకా వెళ్తోంది. టైలర్ మిషన్ ఆపేసి మరీ వింటున్నాడు. నేను చూసేసరికి, కిందపడ్డ గుండీ వెతుకుతున్నట్టు వంగాడు.

మామయ్య కొంచెం తగ్గాడు. "ఫొటో ఉంది కదా. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు స్టూడియోలో తీయించింది. అందులో అమ్మ ఎంత బావుంటుంది. రేపు జరగరానిది జరిగితే అది మెషీన్‌కిస్తే వెంట్రుకతో సహా చెక్కేస్తుంది. అంతేగానీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, జాకెట్టుకి కొలతలు తీసుకున్నట్టు ఇదేం పని?"

"ఆ ఫొటోలో అమ్మ లేదన్నయ్యా. స్టూడియోవాడి పౌడరుంది."

"నీ నోటికో దండం."

"నోటికెందుకు, చేతికి పెట్టుకో. రేపు నీ ముఖం చెక్కాల్సిందీ ఇదే."

తలుపు దభీమని పడింది. మామయ్య మెట్లు దిగుతూ నన్ను చూసి, "నువ్వన్నా చెప్పరా దానికి," అన్నాడు. నేను గోడకి ఒదిగి దారిచ్చాను. మామయ్యకి చావంటే భయం. భయపడటం తప్పేం కాదు, నాకూ ఉంది. ఆ భయాన్ని తెచ్చి చెల్లెలి నెత్తిన రుద్ది, పైగా దానికి మర్యాద అని పేరు పెడితేనే నాకు ఒళ్ళు మండుతుంది. దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే అమ్మమ్మ వీపు నిమిరేది పిన్ని. మంచం పక్కన బకెట్టు కడిగేది పిన్ని. వారానికోసారి అరడజను బత్తాయిలతో వచ్చి, పది నిమిషాలు కూర్చుని, పదకొండో నిమిషంలో అపశకునాల మీద ఉపన్యాసం ఇచ్చేది మామయ్య.

పిన్ని అంటే మా అమ్మకి చెల్లెలు. నలభై ఒక్క ఏళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు చెప్పింది, ఇప్పుడు వాళ్ళంతా కూర్చుని ఆ జవాబులు సరిచూసుకుంటున్నారు. బస్సుల షెడ్డు వెనక సమాధిరాళ్ళ వర్క్‌షాపులో ఆవిడ పని. నల్లరాయిని అద్దంలా పాలిష్ చేసి, పోయినవాళ్ళ ముఖాన్ని దాని మీద వజ్రపు మొన ఉన్న సూదితో పొడుస్తుంది. సూది తగిలిన చోట రాయి తెల్లబడుతుంది. చుక్కలు దగ్గరదగ్గరగా పడితే తెలుపు, ఎడంగా పడితే బూడిద, అసలు పడకపోతే నలుపు. అందుకే అక్కడ అందరూ చుక్కలమ్మ అంటారు. ఒక్క చుక్క ఎక్కువ పడినా తీసే దారి లేదు. రాయంతా అరగదీసి మళ్ళీ మొదటికి రావాలి.

పందొమ్మిదేళ్ళకి ఆవిడ చేరింది పాలిష్ పనిలో. రోజంతా చేతులు నీళ్ళలో, ముక్కునిండా రాతిపొడి. అప్పట్లో ముఖాలు చెక్కేది ఓ ముసలి మేస్త్రి. నోరు తెరిస్తే బూతులే. ఓ రోజు ఈవిడ తడి రాతిపొడిలో వేలితో ఏదో గీస్తుంటే చూసి, చిన్నపిల్లల పలక ఒకటి తెచ్చి ఒళ్ళో పడేశాడట. "కాగితం ముట్టుకోకు. కాగితం తెల్లగా ఉంటుంది, నీడ మనం వెయ్యాలి. రాయికి నీడ ముందే ఉంది. నువ్వు వేసేది వెలుగొక్కటే. పలకా అంతే," అన్నాడట. పలక నలుపు ఒకటి, బలపం రాసి వేలితో రుద్దితే వచ్చే బూడిద రెండు, బలపం నొక్కి రాస్తే తెలుపు మూడు. నాలుగోది అడిగితే బలపం విరిచి బయటపడేసేవాడు. ఆరేళ్ళు పలక మీదే గీయించాడు. ఆయన మణికట్టు పనిచెయ్యడం మానేసిన రోజున సూది ఈవిడ చేతికొచ్చింది.

నేను కాలేజీ మానేశాక నాన్న ముఖం చూడలేక ఇక్కడికొచ్చి పడ్డాను. వచ్చిన మూడో రోజే నా ముందు అదే పలక. ఎదురుగా స్టూలు మీద ఓ పాత చెప్పు.

"గీయి," అంది పిన్ని.

నేను శ్రద్ధగా గీశాను. పట్టీ, బకిలు, కుట్లు ఒక్కొక్కటీ. పలక చూసీ చూడగానే తడిగుడ్డతో తుడిచేసింది.

"కుట్లు ఎవడడిగాడు నిన్ను?"

"ఉన్నాయి కదా పిన్నీ."

"నీ జేబులో దువ్వెన కూడా ఉంది. అదీ గీస్తావా? కళ్ళు చిట్లించు. ఏం కనిపిస్తోంది?"

"ఏం కనిపించట్లేదు."

"అబద్ధం. ఒక పెద్ద నల్ల మచ్చ, పక్కన చిన్న తెల్ల మచ్చ కనిపిస్తాయి. వాటి హద్దు గీయి. అది చెప్పు అన్న సంగతే మర్చిపో."

వారం రోజులు ఆ చెప్పే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పది రకాల గీతలు రాకపోతే బొమ్మెలా అవుతుందని వాదించాను. పలక విసిరికొట్టాను, మూల పగిలింది. ఆవిడ పగిలిన పలకే మళ్ళీ ఇచ్చింది. తొమ్మిదో రోజున కళ్ళు సగం మూసి చూస్తే కుట్లు పోయాయి, బకిలు పోయింది, పట్టీ నీడా మడమ కింద నీడా కలిసి ఒకే ముద్దయ్యాయి. ఆ ముద్ద ఆకారం గీసి, బూడిద రుద్ది, అంచున రెండు చోట్ల బలపం నొక్కాను. గది అవతలికెళ్ళి చూస్తే చెప్పు. ఎవరో ఇప్పుడే విప్పి వెళ్ళినట్టుంది.  పిన్ని ఈసారి తుడవలేదు, అంతే.

నాకు కొమ్ములొచ్చాయి. వర్క్‌షాపులో పనికిరాని రాయిముక్క తీసుకుని, నవ్వుతున్న వాచ్‌మన్‌ని ఎదురుగా కూర్చోబెట్టి చెక్కేశాను. పళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా, మధ్య సందులతో సహా. ఆయన రాయి అందుకుని చాలాసేపు చూశాడు.

"బాబూ, నేను పోయి పదేళ్ళు దాటినట్టుంది," అన్నాడు.

అందరూ పడీపడీ నవ్వారు. ఈ పనిలో కొత్తవాళ్ళంతా చేసే తప్పే అది. పళ్ళు లెక్కపెట్టి గీస్తే సమాధి మీద పుర్రె వస్తుంది. నోరంతా కలిపి ఒక్క తెల్ల మచ్చ పెడితే నవ్వు వస్తుంది. ఈ సంగతి ఎంత చెప్పినా ఒప్పుకోని జనం ఉన్నారు. నెలకొకడైనా వచ్చి, మా నాన్న మీసంలో వెంట్రుకలు విడిగా కనిపించట్లేదని కొట్లాడతాడు. పిన్ని వాణ్ణి రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళి, అక్కణ్ణించి చూడమంటుంది. చూశాక కొందరు గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోతారు. కొందరు అక్కణ్ణించి కూడా వెంట్రుకలే అడుగుతారు. అలాంటివాణ్ణి చూస్తే నాకు తన్నాలనిపిస్తుంది.

సూది చేతికొచ్చాక ఇన్నేళ్ళలో ఆవిడ ఎన్ని ముఖాలు చెక్కిందో లెక్కలేదు. వాటిలో ఒక్క మనిషినీ ప్రాణంతో చూడలేదు. అన్నీ ఫొటోలే. పర్సులో మడతపడ్డవి, గుర్తింపు కార్డు మీద దొంగల్లా బిగుసుకున్నవి, గుంపులోంచి ముఖం ఒక్కటే కత్తిరించినవి. ఫొటోలో వెలుగు ఎటునుంచి పడిందో తెలియక, సగం ఊహించి చెక్కేది.

అమ్మమ్మ ఊపిరితిత్తులు చూసి డాక్టరు, నెలల మాట నేను చెప్పలేను, ఇక వారాలే అన్నాడు. మర్నాడే పిన్ని తోపుడుబండి మీద నల్లరాయి తెచ్చింది. "ఒక్క ముఖమన్నా ఎదురుగా చూసి చెక్కుతాను. అది మా అమ్మది. ఆవిడ కూర్చోగలిగినన్ని పొద్దులే నాకున్నాయి," అంది. మామయ్యతో గొడవ దాని గురించే.

ఆ గొడవకి తీర్పు అమ్మమ్మే చెప్పింది. ఆ రోజు మందుల సంచీతో నేను లోపలికెళ్ళేసరికి దిండుకి ఆనుకుని ఆయాసపడుతోంది.

"వెళ్ళాడా?"

"వెళ్ళాడు."

"వాడికి చిన్నప్పుడు మీసం పెట్టుకున్న బొమ్మని చూసినా ఏడుపే. ముఖం నాది. నాకు లేని భయం వాడికెందుకు?" కాసేపు ఊపిరి తీసుకుని పిన్ని వైపు తిరిగింది. "ఏ పూట కూర్చోమంటావే?"

పొద్దున ఎనిమిదింటికి కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా పడుతుంది. అమ్మమ్మ ముఖం సరిగ్గా రెండుగా చీలుతుంది. ఇటు చెంప తెలుపు, అటు చెంప నలుపు, నుదుటి మీద బూడిద. గంట తర్వాత ఎండ పైకెక్కి అంతా ఒకేలా అయిపోతుంది. ఆ గంటలో అమ్మమ్మ కూర్చోగలిగేది ఇరవై నిమిషాలు. చంటిపిల్లాడికైనా అర్థమయ్యే వెలుగది. నేను పక్కనే కూర్చున్నాను, చుక్కలమ్మ ఎలా గీస్తుందో చూద్దామని.

మొదటి రోజు పలక మీద నుదుటి ముడతలు పడ్డాయి. ఒక్కొక్కటీ, విడివిడిగా. తుడిచేసింది. రెండో రోజు కంటి కొసన గీతలు, చెవి తమ్మె మీద చిన్న గాటు. తుడిచేసింది. మూడో రోజు కింది పెదవి పగుళ్ళు. నాలుగో రోజు ఒక్క కనురెప్ప దగ్గరే ఇరవై నిమిషాలూ గడిచిపోయాయి. ఐదో రోజు అమ్మమ్మకి దగ్గు ఎక్కువై కూర్చోనేలేదు. ఆరో రోజు పది నిమిషాలే కూర్చుంది. పలక మీద ఉన్నది ముఖం కాదు, ఎండిన చెరువు.

నాకు కోపం ఆగలేదు. తొమ్మిది రోజులు చెప్పు గీయించి నా ప్రాణం తోడేసిన మనిషి ఈవిడేనా? గేటు దగ్గర నిలబెట్టి ఊళ్ళోవాళ్ళకి పాఠాలు చెప్పేది ఈవిడేనా? ఉన్న పొద్దులన్నీ ఇలా తగలేస్తోంది.

"ముడతలు ఎవడడిగాడు నిన్ను?" అనేశాను.

పిన్ని తల ఎత్తలేదు. "నోరు ముయ్యి."

"ముయ్యను. ఆరు రోజులైంది. కళ్ళు చిట్లించు. నాకు చెప్పిన మాటే నీకు చెప్తున్నాను."

"చిట్లిస్తే నీళ్ళొస్తున్నాయిరా," అంది. "నీళ్ళొస్తే అసలేమీ కనిపించట్లేదు."

తడిగుడ్డ నా ముఖాన కొట్టింది. నేను తిరిగి విసిరాను. అది వెళ్ళి మందుల సీసాల మీద పడింది. ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. ఏమన్నానో అన్నీ రాయలేను. నువ్వు చెక్కకపోతే మామయ్య ఆ పౌడరు ఫొటోనే మెషీన్‌లో పెట్టిస్తాడని, అప్పుడు జీవితాంతం దాన్నే చూసుకో అని అన్నట్టు గుర్తు. కింద మళ్ళీ కుట్టుమిషన్ ఆగింది.

"దాన్నేమనకురా," అంది అమ్మమ్మ. "దానికి చిన్నప్పట్నుంచీ అన్నీ కావాలి. దేన్నీ వదలదు." పిన్ని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఏదీ, ఏం గీశావో చూపించు."

పలక చూసింది. కళ్ళజోడు అడిగి తెప్పించుకుని మళ్ళీ చూసింది.

"అన్నీ నావే," అంది. "నేను మాత్రం లేనే."

పిన్ని ఆ పూట పనికెళ్ళలేదు. మంచం పట్టీ మీద తల పెట్టి నేల మీదే కూర్చుంది. అమ్మమ్మ నిద్రపోయింది, గొంతులో పిల్లికూతలతో. నేను పగిలిన సీసా ముక్కలు ఏరుతున్నాను. కోపం ఇంకా తగ్గలేదు. ఆవిడ మీదో, డాక్టరు మీదో, అంత బాగా పడి గంటలో పోయే ఆ వెలుగు మీదో తెలియదు.

చాలాసేపటికి పిన్ని లేచి, రాయి మీద కప్పిన గోనె తీసింది. కిటికీ పక్కకి జరపడానికి ఒక చెయ్యి వెయ్యమంది. ఇద్దరం కలిసి జరిపాం. సూది మొన వేలి గోరు మీద గీసి చూసుకుంది.

"రేపు పలక వద్దు. పలక తుడవచ్చు కాబట్టే ఇలా తిరుగుతున్నాను. రేపు నేరుగా రాయి మీదే."

"తప్పు పడితే?"

"ఇంకో రాయి చెక్కడానికి అమ్మ ఉండదు," అంది. గొంతు తగ్గించింది, మంచం మీదకి వినపడకుండా. "ఒరేయ్, నువ్వు రేపు నా వెనక నిలబడు. నన్ను చూడకు, అమ్మని చూడకు, రాయినే చూడు, కళ్ళు సగం మూసుకుని. బూడిద, తెలుపు పడ్డాక నా చెయ్యి ఏ ముడత వైపు కదిలినా సూది లాక్కో. తిట్టినా ఇవ్వకు. కొట్టినా ఇవ్వకు. దానికిచ్చెయ్యరా అని అమ్మ అడుగుతుంది చూడు, ఆవిడ అడిగినా ఇవ్వకు."