చప్పట్లు లేని క్యాసెట్టు

ఈ మధ్య పెళ్ళి వీడియోల మీద నాకొక ఫిర్యాదు ఉంది. మొన్న మా పెద్దమ్మ మనవడి పెళ్ళికి వెళ్ళలేకపోయాను, కనీసం వీడియో పంపమన్నాను. పంపారు, పాట ఒకటి అయ్యేలోపే అయిపోయింది. అందులో తలంబ్రాలున్నాయి, పెళ్ళికొడుకు నల్లకళ్ళద్దాలతో పొగలోంచి నడిచి రావడం రెండుసార్లుంది, భోజనాలు మాత్రం లేవు. పెళ్ళికి వెళ్ళనివాడు చూడాలనుకునేది అదొక్కటే కదా. అడిగితే, “ఇవి హైలైట్స్ మావయ్యా” అన్నారు. గోంగూర హైలైటు కాని పెళ్ళి గురించి నేనింకేం మాట్లాడను?

ఆ విసుగులో ఉండగానే పక్కగదిలో మా అమ్మాయి, దాని స్నేహితురాలు రెండు విదేశీ బ్యాండ్ల కచేరీ హైలైట్లు రెండు ఫోన్లలో పెట్టుకుని పోట్లాట మొదలెట్టారు. ఎవరి గిటారు గొప్ప, ఎవరి డ్రమ్ములు గొప్ప, ఎవరికి జనం ఎక్కువ. “మీ వాళ్ళకి అంత గోల ఎక్కడుందే?” అంటోంది మా అమ్మాయి. చేతిలో పేపరు పక్కన పెట్టేశాను. తొంభైల చివర్లో ఒంగోలు అవతల, చీమకుర్తి రోడ్డు మీద ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు దాదాపు రోజూ నేనన్న మాట అది. పడ్డవాడు నా రూమ్మేటు, పొదిలి కుర్రాడు.

మా ఇద్దరి బ్యాండ్ల పేర్లూ రాయను. రాస్తే వాడు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. నాది ఇంగ్లండు బ్యాండు, వాడిది అమెరికా బ్యాండు అనుకుంటే చాలు. ఇద్దరం ఆ దేశాలు చూడలేదు, కచేరీలూ చూడలేదు. ఉన్నవల్లా రెండు లైవ్ క్యాసెట్లు. నాది గుంటూరులో మా బాబాయి కొడుకు ఎక్కించి ఇచ్చాడు. పాట మొదలయ్యే ముందు జనం హోరు, అయ్యాక హోరు, మధ్యలో గాయకుడు ఊరికే దగ్గినా హోరు. వాడిది ఒంగోలులో రికార్డింగ్ సెంటర్ నడిపే ఒక పెద్దాయన ఎక్కించాడు. అందులో పాట అవగానే పాట. ఒక్క చప్పట్టు లేదు, ఒక్క ఈల లేదు.

“ఏరా, మీ వాళ్ళ కచేరీకి జనం రాలేదా?” అనేవాణ్ణి.

“వచ్చార్రా. వింటన్నారు.”

“అంతమందీ నోరు మూసుకునా?”

“మర్యాదస్తులురా! మీ వాళ్ళదేముంది, చేపల మార్కెట్టు.”

వాడు ఊరికే బుకాయిస్తున్నాడనుకునేవాణ్ణి. కాదు, మనస్ఫూర్తిగా నమ్మాడు. గొప్ప సంగీతం ముందు జనం బిగుసుకుపోతారని, గొప్ప వాయిద్యగాడు ఆ మౌనాన్ని చెడగొట్టకుండా వెంటనే తర్వాతి పాట ఎత్తుకుంటాడని వాడి సిద్ధాంతం. అసలు సంగతి మేం చదువులు ముగించి ఆ ఊరు విడిచే ముందుగానీ తెలియలేదు. రికార్డింగ్ పెద్దాయన పాతకాలపు మనిషి. పాటల మధ్య జనం అరుపులు టేపుకు పట్టిన తెగులని ఆయన అభిప్రాయం. హోరు వచ్చినప్పుడల్లా రికార్డింగు ఆపి, పాట అందుకోగానే మళ్ళీ నొక్కేవాడట. “గోలంతా ఏరేసి నీట్‌గా ఎక్కించాను బాబూ, ఇట్టా ఇంకెవరూ చెయ్యరు” అని మాకే గొప్పగా చెప్పాడు. ఆ మాట నిజమే, ఇంకెవరూ చెయ్యరు.

పొదిలి కుర్రాడికి గిటారంటే ప్రాణం. వాళ్ళ నాయనకు మైక్ సెట్ల షాపుంది. ఉరుసుకైనా, హరికథకైనా, ఎన్నికల మీటింగుకైనా చుట్టుపక్కల ఊళ్ళకు ఆయన సెట్టే వెళ్ళేది. కొడుకు ఇంజనీరైతే మరీ మంచిది, కాకపోతే సెట్టుంది. గిటారు మాత్రం ఈ రెండింటిలోనూ లేదు. మూడో సంవత్సరంలో కాలేజీ వార్షికోత్సవానికి మైకులు పెట్టే పని ఆయనకే వచ్చింది. అదే వేదిక మీద కొడుకు పేరు చదువుతారని తెలిసి, వైరు చుట్టలు దించుతూ నా ఎదుటే తేల్చేశాడు.

“చూడు, నువ్వు వాయించేటప్పుడు జనం లేచి పోకపోతే ఇంక నీ ఇష్టం, నేనడ్డం రాను. లేచిపోయారా, ఆ గిటారు పెట్టె అటకెక్కుద్ది. సెలవులకి నాతో సెట్టు మీదకొస్తావు. ఏం?”

“సరే నాయనా” అన్నాడు వాడు. అంత చిన్న గొంతు వాడికుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం వాతావరణం రాక్ సంగీతానికి అంత అనుకూలంగా లేదు. గ్రౌండు వెనక చేలో మిరపకాయలు ఎండబోశారు, గాలి అటునుంచే వీస్తోంది. ముందు వరసలో లెక్చరర్లు వంతులవారీగా తుమ్ముతున్నారు. రోడ్డు మీద గ్రానైటు రాళ్ళ లారీలు పోతున్నాయి. పైగా తండ్రి మనసు ఊరుకోక, హరికథలకు పెట్టినట్టు ఎకో పూర్తిగా తిప్పి పెట్టాడు. వాడు తీగ ఒకసారి మీటితే చీమకుర్తి దాకా వెళ్ళి తిరిగి వస్తోంది.

వాడు కళ్ళు మూసుకుని మొదలెట్టాడు. నిజం చెప్పొద్దూ, బాగా వాయించాడు. రెండేళ్ళు వాడితో పోట్లాడినవాణ్ణి, నా ఒళ్ళు జలదరించింది. పాట చివరికొచ్చింది. చప్పట్లకు చేతులెత్తాను. ఎత్తిన చేతులు అలాగే ఉండగా, మొదటి పాట ఎకో ఇంకా తిరుగుతుండగానే, రెండో పాట అందుకున్నాడు. గ్రౌండంతా ఎత్తిన చేతులు మెల్లగా దించుకున్నారు. రెండోది అయింది, చేతులు లేచాయి. మూడోది మొదలైంది, చేతులు దిగాయి. ఎక్కడ పాట అవుతుందో, ఎక్కడ మొదలవుతుందో తెలియక, మధ్యలో లేస్తే బాగుండదేమోనని జనం కుర్చీల అంచుల మీద బిగుసుకు కూర్చున్నారు. వాడి మొహం చూడాలి. అమెరికాలో వాడి దేవుళ్ళకు దక్కిన మౌనం వాడికీ దక్కింది.

చివరి తీగ మీటి, ఎవరినీ చూడకుండా చరచరా దిగిపోయాడు. జనం తేరుకునేసరికి ప్రిన్సిపాల్ గారు మైకు దగ్గరికి వచ్చారు. దాచుకున్న చప్పట్లన్నీ అప్పుడు పడ్డాయి, ఈలలతో సహా. ఆయన ఎంతో కదిలిపోయి, తన ఉపన్యాసం ఇంకాస్త పొడిగించారు. జనం లేచి వెళ్ళడం మొదలైంది అప్పుడే.

ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే ఆ మూడు పాటల్లో ఒక్కదాని వరసా నాకు గుర్తు రాదు. లేచి దిగిన ఆ చేతులు, తుమ్ములు, లారీ హారన్లు మాత్రం నిన్నటిలా ఉన్నాయి. ఏది మిగల్చాలో కాలం మనల్ని అడిగి నిర్ణయించదు.

వేదిక వెనక వాళ్ళ నాయన వైరు మోచేతికి చుట్టుకుంటున్నాడు. వాడు గిటారు గుండెకు అదుముకుని ఎదురుగా నిలబడ్డాడు. నేను రెండడుగుల వెనక ఉన్నాను.

“ఒక్కళ్ళు కూడా లేవలేదు నాయనా, చూశావుగా!” అన్నాడు.

ఆయన తలెత్తలేదు. వైరు చివరిదాకా చుట్టి, ముడేసి, పెట్టెలో పడేశాడు.

“లేవనిస్తే గదరా! ఈసారన్నా పాటకీ పాటకీ మధ్య కాసేపు ఊరికే నిలబడు. జనమేమన్నా చేతులు ఇంట్లో పెట్టి వచ్చారా?”