హాజరు లేని నాలుగు పేజీలు

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు. ఉప్పల్‌లో మా చర్చి. హాజరు: పాస్టరుగారు, ఏడు మాటల మీద మాట్లాడే ఏడుగురు (నాలుగో మనిషి నా భార్య తమ్ముడు), పాటల బృందం, కుర్చీలు చాలక చాపల మీద కూడా సంఘం, గంట దగ్గర నేను.

డైరీలో ఆ రోజు మొదటి పేరా ఇది. నాచారంలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో షిఫ్ట్ సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. షిఫ్ట్ రిజిస్టర్‌లో ముందు హాజరు రాసి, తర్వాతే జరిగిన పని రాయాలి. ఇంట్లో డైరీకీ అదే అలవాటు అబ్బింది.

గుడ్ ఫ్రైడే ఆరాధనలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురు తీసుకుని మాట్లాడతారు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. పన్నెండో నిమిషానికి ఒకసారి, పదిహేనుకు రెండుసార్లు నేను గంట కొడతాను. ఏళ్ళ తరబడి నా పని అదే. ఏనాడూ మాట్లాడలేదు. ఈ ఏడాది మాత్రం నాలుగో మాట నాకివ్వమని పాస్టరుగారిని అడిగాను, ఆయన సరేనన్నారు. తండ్రి తనను విడిచిపెట్టాడని కుమారుడు కేక వేసిన మాట అది. నా భార్య పోయి ఏడాదైంది. ఆమె చివరి వారంలో ఆ మాట నాకు అర్థమైనంతగా ఎన్ని ప్రసంగాలు విన్నా అర్థం కాలేదు.

పోయినేటి డైరీ ముందు పెట్టుకుని నాలుగు పేజీలు సాపు రాశాను. రాసేటప్పుడు ఒక్కటి వదిలేశాను. ఏ రోజు ఆమె దగ్గర ఎవరున్నారో ఆ హాజరు వరుసలు ఎత్తి రాయలేదు. అవి చదివితే ఒక మనిషి అక్కడ లేడని సంఘమంతటికీ తెలిసిపోతుంది. ఆ మనిషికే, నా భార్య తమ్ముడికే, బాగా మాట్లాడతాడు కదా, ఒకసారి చూసిపెట్టమని పేజీలు ఇచ్చాను.

"బావా, మస్తు రాసినవ్ పో. గని నిలబడి చదవగల్గుతవా?" అన్నాడు.

"చదువుతా."

"నువ్వు ఏడ్సుకుంట కూసుంటె గంట ఎవరు కొడ్తరు మరి?"

ఇద్దరం నవ్వుకున్నాం. తప్పులు దిద్ది ఇస్తానని పేజీలు జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం చర్చికి వెళ్ళేసరికి తలుపు మీద అంటించిన పట్టికలో నాలుగో మాట ఎదురుగా అతని పేరుంది. పాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. "మీకు గొంతు పెగుల్తలేదట గద పెద్దాయనా. మీ బామ్మర్ది చెప్పిండు. ఫికర్ పడకుండ్రి, ఆయన చూసుకుంటడు." నేను నోరు తెరిచేలోపు మొదటి పాట ఎత్తుకున్నారు. వెళ్ళి గంట దగ్గర కూర్చున్నాను.

మూడు మాటలు అయ్యాయి. అతను లేచాడు. చేతిలో కాగితాలు నావే. నా నీలం సిరా, నా ఎడమ మార్జిన్.

"పోయినేడు మట్టల ఆదివారం నాడు మా అక్క దవాఖానల ఉన్నది," అని మొదలుపెట్టాడు. "నేను మంచం పక్కన కుర్చీల కూసున్న. మధ్యాహ్నం నుంచి మాట లేదు అక్కకు. నా దిక్కు మల్లి అన్నది గదా, దేవుడు మాట్లాడ్తలేడు తమ్మీ. గని కుర్చీ దగ్గరికి జరుపుకున్న సప్పుడు ఇనొస్తుంది అని."

ఆడవాళ్ళ వరుసలో ఏడుపు మొదలైంది.

ఆ మాట ఆమె అన్నదే. 'తమ్మీ' అన్నది మాత్రం లేదు. ఆ కుర్చీ జరిపింది నేను. అతను ఆ గదికి ఒక్కసారి కూడా రాలేదు. నేను ఎవరి పేరూ రాయకుండా వదిలిన చోట వచ్చి కూర్చున్నాడు.

ఆ ఆదివారం అతను ఎక్కడున్నాడో నాకు తెలుసు. నాచారంలో ఆ దవాఖానా ముందు నుంచే మా మట్టల ఊరేగింపు పోయింది. పిల్లలు ఈత మట్టలు ఊపుతూ, డప్పులు, హోసన్నా పాటలు. ఆటోకు కట్టిన మైకులో పాడుతున్నది అతనే. రెండో అంతస్తులో ఆమె కళ్ళు తెరిచింది. ముఖమంతా వెలిగింది. "మా తమ్ముని గొంతే! పైకొస్తడా?" అంది. ఫోన్ చేశాను. "ఊరేగింపుల ఉన్న బావా, అయిపోంగనే వస్త" అన్నాడు. పాట మల్లాపూర్ వైపు సాగిపోయింది. ఆమె ఇంకో రెండుసార్లు అడిగింది. బుధవారం పోయింది. సమాధి దగ్గర అతను అందరికంటే బాగా పాడాడు.

పన్నెండు నిమిషాలైంది. గంట ఒకసారి కొట్టాను. అతను ఆగి, జాలిగా నావైపు చూసి, మళ్ళీ అందుకున్నాడు. పదిహేనుకు రెండుసార్లు కొట్టాను.

"ఏం మనిషమ్మా! సొంత పెండ్లాం ముచ్చట చెప్తుంటె గంట కొడ్తుండు," అంది వెనక ఒకావిడ.

"రాతి గుండె. గా తమ్మునికున్న ప్రేమల సగం లేదు," అంది పక్కావిడ.

అతను ఇంకో ఆరు నిమిషాలు మాట్లాడాడు. నేను మళ్ళీ కొట్టలేదు.

మూడు గంటలకు ఆరాధన అయ్యాక వాకిట్లో నిమ్మకాయ నీళ్ళు పోశారు. అతని చుట్టూ జనం. నా దగ్గరికి గ్లాసు తెచ్చి మెల్లగా అన్నాడు: "కోపమొచ్చిందా బావా? ఎవరు చెప్తే ఏంది, అక్క మాట పదిమందికి అందింది గద. నీకు పెండ్లామైతే నాకు అక్కనే."

"నా కాగితాలియ్యి," అన్నాను.

"ఇంకో చర్చోళ్ళు అడిగిన్రు. కాపీ తీసుకొని ఇస్త."

నిమ్మకాయ నీళ్ళు తాగకుండానే ఇంటికొచ్చాను. పోయినేటి డైరీ తీసి, ఈ ఏటి డైరీతో పాటు సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు శనివారం. ఈస్టరు తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులతో సమాధుల దగ్గరికి వెళ్తాం కాబట్టి, ముందు రోజు పొద్దున్నే కడిగి సున్నం వేసుకోవడం మా రివాజు. నేను బకెట్, కుంచె పట్టుకుని ఏడుకల్లా శ్మశానానికి చేరాను. మొదటి పూత సగమయ్యేసరికి అతను వచ్చాడు, ఇస్త్రీ చొక్కాలో, ఉత్త చేతులతో.

"బావా, రేపు పొద్దుగాల ఈడ మాట్లాడమన్నరు పాస్టరుగారు. దవాఖాన ముచ్చట ఇంకేమన్న రాసినవా? సంతోషంగున్నది గావాలె, ఈస్టర్ గద."

"రాసిన," అన్నాను. సంచిలోంచి పోయినేటి డైరీ తీసి, మట్టల ఆదివారం పేజీ తెరిచి చేతికిచ్చాను.

పైకి చదవడం అతనికి అలవాటు. "మట్టల ఆదివారం. హాజరు: నేను, నర్సు. పదిన్నరకు కింద ఊరేగింపు. తమ్ముడి గొంతు విని నవ్వింది. పైకి వస్తాడా అని అడిగింది. పదకొండుకు మళ్ళీ అడిగింది. పన్నెండుంబావుకు..." అక్కడ ఆపేశాడు. తర్వాతి మూడు రోజుల పేజీలు పైకి చదవలేదు. ఒక్కొక్కటే తిప్పి మొదటి వరుస మాత్రం చూశాడు.

"గివి గూడ రాస్తరా బావా?"

"నీకిచ్చిన కాగితాలల్ల రాయలే. నీకోసమే."

డైరీ నా సంచి మీద పెట్టి గేటు దాటి బయటికి నడిచాడు. అక్కడ నిలబడి ఫోన్ తీశాడు. గోడ అవతలి నుంచి వినబడింది. "పాస్టరుగారూ, నాకు గొంతు పట్టేసింది, రేపు మాట్లాడలేను. మా బావనడుగుండ్రి. ఆఁ, ఆయన గొంతు మంచిగనే ఉన్నది."

మళ్ళీ లోపలికి రాలేదు. నేను రెండో పూత పూర్తిచేసి, ఆరేదాకా ఆగి, ఆమె పేరు అక్షరాలకు నల్లరంగు వేశాను. చేతులు కడుక్కుని అక్కడే కూర్చుని ఈ ఏటి డైరీలో ఆ శనివారం పేజీ తెరిచాను. హాజరు అని రాసి, నా పక్కన అతని పేరు కూడా రాశాను. వచ్చిన టైము, పోయిన టైము రెండూ వేశాను.