ఎగిరితే చెప్తానన్న పేరు

"ఇదో, గంజి తాగుతావా?" అని నేను అడిగితి.

"ఇదో అంటే ఎవురు?" అన్యాడు ఆయప్ప, కండ్లు మూసుకొనే.

"ఈడ ఇంగెవురుండారు, నువ్వు గాక?" అంటి.

నవ్వినాడు. నవ్వి గోడ పక్కకు తిరిగి పండుకున్యాడు. నేను గంజిలో ఉప్పేసి కలిపి తెచ్చేలోపల పోయినాడు. అంతే, మేమిద్దరం ఆఖరున మాట్లాడుకున్యది. దేవుని మాట లేదు, సంసారం మాట లేదు. పోయేటప్పుడు గూడా నన్ను సతాయించే పోయినాడు మా మొగుడు.

రాస్తాండావా పాపా? రాయి. నేను అక్షరాలు గుర్తుపడతా గానీ కలిపి రాసేకి రాదు. అందుకని మా ఆడబిడ్డ కోడల్ని కూచోబెట్టుకున్యా. చదువుకున్న పిల్ల. నేను చెప్పింది చెప్పినట్ల రాయమన్యా, మధ్యలో జరీ పెట్టొద్దన్యా. వాళ్లత్త, అంటే మా ఆడబిడ్డ, గడప కాడ నూలు కండెలు చుడతా చెవులు ఈపక్కే పెట్టి ఉండాది. నేను యాడన్నా తప్పు చెప్తే పట్టుకోవాలని.

ఇదంతా రాయించేది ఏంటికంటే, పైన మగ్గం దూలానికి ఒక విమానం వేలాడతాండాది. ఇంటికొచ్చిన ప్రతోడూ తలెత్తి చూసి "ఇది ఎవురు చేసినారు?" అంటాడు. "మా ఆయప్ప" అంటా. "ఏ అప్ప?" అంటాడు. ఆయప్ప అంటే ఆయన అని గానీ పేరు కాదు గదా, ఆడికి నా నోరు పడిపోతాది. నేను చెప్పకపోయేసరికి ఊర్లో సగం మంది అది పోస్టు మాస్టరు చేసినాడనుకుంటాండారు. ఆ మాస్టరు మంచోడే, నేను చేయలేదప్పా అని చెప్తానే ఉంటాడు. అట్ల చెప్పేకొద్దీ ఎంత పెద్దమనిషో చూడండని ఆయన్నే మెచ్చుకుంటారు.

మొగుని పేరు పలికేది మాలో లేదు. ఒక్కసారే పలకొచ్చు. పెండ్లయి అత్తగారింటికి వచ్చిన పొద్దు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి "మీ ఆయప్ప పేరు చెప్పు, అప్పుడు లోపలికి రా" అంటారు. ఆ ఒక్క మాట చెప్పి, ఆ మీదట నోరు కట్టేసుకోవాల. నాకు పెండ్లయినప్పుడు నేను చిన్నపిల్లను. అడ్డం నిలబడింది ఎవురనుకున్యావు, ఇదో, గడప కాడ కూచున్న ఈ మహాతల్లే. రెండు చేతులూ చాపి వాకిలంతా మూసేసె. నాకు భయమేసి బోరుమని ఏడిస్తి. మా అత్త "పిల్ల జడుసుకున్యాది, పోనీండే" అని నన్నెత్తుకొని లోపల దించె.

ఆయప్ప ఆ సంగతి జన్మలో మర్చిపోలేదు. కూరలో కారం ఎక్కువైతే, "పేరు చెప్పకుండా దూరిన మనిషి. ఇంగ వంట ఎట్లుంటాది?" నేను పుట్టింటికి పోతానంటే, "పో. వచ్చేటప్పుడు గడప కాడ పేరు చెప్పాల, ఈసారి ఎత్తుకొచ్చేకి మాయమ్మ లేదు." నేను ఒక్కనాడు గూడా చెప్పల్యా.

మాది కోడుమూరు, నేతపని. గుంతలో కాళ్లు పెట్టి తొక్కతా నేసే మగ్గం. ఆయప్ప చీర నేస్తే అంచు గీత గీసినట్ల ఉంటాండె. ఒక చలికాలం మోకాలు పట్టేసె. ఆకులు కడితిమి, నూనెలు రుద్దితిమి, ఆత్మకూరు దాకా పోయి మోకాలికి వాత కాల్పించుకొని వచ్చినాడు. కాలు మాత్రం వంగల్యా. తొక్కేకి కాలు లేకుంటే మగ్గం ఏంటికి? ఇంగ మా ఆడోళ్ల మధ్యన కూచోని కండెలు చుట్టేకి మొదలుపెట్టె. మా వీధిలో మగోడు కండెలు చుడితే అందరూ నిలబడి చూస్తారు.

"వదినా, మనకు కొత్త కోడలు వచ్చింది" అని నేను ఆడబిడ్డతో అంటి.

"కోడలు బాగుంది గానీ మీసాలే ఎక్కువుండాయి" అని ఆమె అనింది.

ఆయప్ప నవ్వినాడు. నవ్వినాడే గానీ ఆ చేతులు ఊరికే ఉండేవి కావు. చీపురుపుల్ల దొరికితే చీల్చేవాడు, జొన్నదంటు దొరికితే ఒలిచేవాడు. నేసే చేతులు గదా, అవి పని అడుగుతాండాయని నాకు తెలిసె.

అప్పటికి ఇంగ్లీషోళ్ల పెద్ద యుద్ధం ఆగిపోయింది. పోస్టు మాస్టరు మా ఎదురింట్లో బాడుగకు ఉండె. ఆయన తమ్ముడు బెంగుళూరులో విమానాలు బాగుచేసే చోట పనిచేస్తాండె. ఆ తమ్ముడు అన్నకు ఇంగ్లీషు పుస్తకం ఒకటి పంపె. దాంట్లో మడతలు పెట్టిన కాగితం ఒకటుండె, విప్పితే మా అరుగు నిండా పరుచుకొనె. బొమ్మ విమానం చేసేకి ప్లానంట. మాస్టరు దాని చుట్టూ తిరుగుతా చదివి చెప్తాండె. మా ఆయప్ప కండె కింద పెట్టేసి, ఆ గీతలమీద వేలు పెట్టి, చీర అంచు చూసినట్ల చూస్తాండె.

"దీన్ని బాల్సా అనే కొయ్యతో చేయాలంట. సముద్రాల అవతల పెరుగుతాదంట, దూది మాదిరి తేలికంట. మనకు యాడ దొరుకుతాది?" అన్యాడు మాస్టరు.

"మన బెండు లేదా మాస్టరప్పా?" అన్యాడు ఆయప్ప. బెండంటే చెరువుల్లో పెరిగే జీలుగ లోపలి తెల్లది, పెండ్లికి బాసికాలు చేస్తారే, అది.

"నా మొగానికి కట్టిన బాసికం గూడా బెండుదే. దాంతో విమానం చేస్తావా?" అని నేను లోపల్నుంచి అంటి.

"ఆ బాసికం కట్టుకొనే గదా నువ్వు ఎగిరొచ్చి నా నెత్తిన పడింది" అన్యాడు.

విమానం కడుపులో ఒక చిన్న పెట్టె గీసి ఉండె. అది రేడియో పెట్టె అని మాస్టరు చెప్పె. కింద నిలబడి మీట నొక్కితే చాలంట, గాల్లో పోయేది చెప్పినట్ల వింటాదంట, మధ్యలో పోగు గూడా ఉండదంట. మా ఆయప్ప నాపక్క చూసి, "పసుపుతాడు కట్టినదే చెప్పినట్ల వినదు మా ఇంట్లో. పోగు లేనిది వింటాదా మాస్టరప్పా? మాకు ఆ పెట్టె వద్దు, పట్టుపోగు కడతా" అన్యాడు.

ఆ మాటకు నాకు కడుపు మండె. "నువ్వు చేసింది ఎగరను గూడా ఎగరదు, పో" అంటి.

"ఎగిరితే?"

"ఎగిరితే నువ్వేం చెప్తే అది."

"ఎగిరితే నా పేరు చెప్పాల. గట్టిగా. గడప కాడ."

"చెప్తాలే" అంటి. ఈ మనిషి యాడ, విమానం యాడ అని. ఆడబిడ్డ సాక్షి.

బాసికాలు చేసేవాని దగ్గర బెండు తెప్పించినాడు. మంగలోని పాత కత్తి అడుక్కొచ్చినాడు. ప్లాను బండమీద పరిచి, దానిమీద బెండుముక్కలు పెట్టి, జరగకుండా తుమ్మముండ్లు గుచ్చినాడు, తుమ్మబంకతో అతికించినాడు. బెండు వంగిపోతాదని, పోగులు దూర్చే పాత అచ్చును విప్పి దాంట్లోని సన్న వెదురుపుల్లలు లోపల పెట్టినాడు. రెక్కలకు గాలిపటం కాగితం. దానిమీద చీర పడుగుకు, అదే నిలువుపోగులకు, పెట్టినట్లే పలచగా గంజి. ఆరితే చర్మం మాదిరి బిగుసుకొనె. బియ్యం దొరికే రోజులు కాదు అవి. "మనుషులు తాగేకి లేని గంజి నీ విమానం తాగుతాండాది" అని నేను అంటాంటే, "దానికి పోసినావంటే నీకు మనసులో ఇష్టమే" అనేవాడు. రేడియో పెట్టె ఉండాల్సిన చోట చింతగింజలు పోసినాడు, ముక్కు బరువు సరిపోవాలని. మాస్టరు అవి చూసి, "బెంగుళూరు వాళ్లకు తెలిస్తే మా తమ్ముని ఉద్యోగం పోతాది" అని నవ్వె.

ప్లానులో రెక్క ఒకటే గీసి ఉండె. పక్కన "ఇట్లాంటివి రెండు" అని రాసుండాదని మాస్టరు చదివె. నేసేవానికి అంతకంటే ఏం కావాల? చీరలో ఒక బుట్టా ఎట్లనో రెండోదీ అట్లే ఉండాల, రవ్వంత తేడా వచ్చినా సావుకారు చీర మొగాన కొడతాడు. మా ఆయప్ప రెండు రెక్కలూ అచ్చం ఒకే మాదిరి చేసె. ఒకదాని మీద ఒకటి పెట్టి, "చూడు, పోగు తేడా లేదు" అని మీసం దువ్వె. తీరా అతికించేటప్పుడు రెండో రెక్క ముందరంచు వెనకపక్కకు వచ్చె. బోర్లిస్తే అంచు ముందుకు వచ్చె గానీ, పైన ఉండాల్సిన ఉబ్బు కిందికి పోయె. "గాల్లో అదే సర్దుకుంటాదిలే" అని బోర్లించే అతికించె.

పొద్దున్నే వీధిలో పడుగు సాపి అందరూ గంజి పెడతాండారు. ఆయప్ప అరుగు మీద నిలబడి విమానం వదిలె. అది రెండు బారలు పోయి, గిర్రున వెల్లకిలా తిరిగి, గంజిబానలో తల ముంచె. వీధి వీధంతా నవ్వె. "దానికి ఆకలైందప్పా!" అని ఎవురో అరిచె. నేనే అందరికంటే ఎక్కువ నవ్వితి.

దాన్ని తుడిచి లోపలికి తెచ్చి పెట్టినాడు. నేను ఇంగా నవ్వుతానే ఉండా. "కాలు పోయె. చేతులు గూడా పోయినట్లుండాయి" అన్యాడు, చేతులు చూసుకుంటా. పరాచికానికి అన్నట్ల లేదు. అన్నం గూడా తినల్యా. నాకు నవ్వు ఆగిపోయె.

ఆయప్ప పక్కకు పోయినప్పుడు ఆ విమానాన్ని ముందరేసుకొని కూచుంటి. దేవునికి దండం పెట్టినట్ల రెండు చేతులూ కలిపితి. మల్ల అరచేతులు రెండూ కిందికే ఉంచి, ఒక చేతి మీద ఒక చేయి పెట్టి చూస్తి. బొటనవేండ్లు ఒకటి ఈపక్క, ఒకటి ఆపక్క. అప్పుడు తెలిసె నాకు. నోరు మూసుకొని ఉంటే నేను గెలిచినట్లే. ఆయప్ప రాంగానే అంటి:

"నీకు రెండూ ఎడమచేతులే ఉంటే అన్నం దేంతో తింటావు?"

"ఏం మాటే అది?"

"నీ విమానానికి రెండూ ఎడమ రెక్కలే. చీర బుట్టాలు కాదు అవి, చేతులు. ఒకటి ఎడమది, ఒకటి కుడిది. ఎదురుబొదురు చూసుకోవాల."

ఆయప్ప తన చేతులు కలిపి చూసుకున్యాడు. విడదీసి చూసుకున్యాడు. గట్టిగా నవ్వి, "గంజి పోయ్, అన్నం గూడా పెట్టు" అన్యాడు. ఆడబిడ్డ తల కొట్టుకొనింది. "వదినా, ఊరికే ఉండకూడదా? గెలిచేదానివి గదా!"

"పోనీలే వదినా, ఇప్పుడు మాత్రం ఎగురుతాదా ఏమన్నానా" అంటి.

ప్లాను కాగితాన్ని తిరగేసి నూనె పూస్తే గీతలు వెనకపక్కకు కనపడె. దానిమీద కుడిరెక్క చేసినాడు. హంద్రి ఏట్లో నీళ్లు లేవు, ఇసుక పరుచుకొని ఉండె. సందకాడ ఆడికి పోతిమి, మాస్టరు గూడా వచ్చె. గాలిపటం మాదిరి పోగు పట్టుకొని ఎవురో ఒకరు ఎదురుగాలికి పరిగెత్తాల. ఆయప్పకు కాలు రాదు. మాస్టరు రెండడుగులు పరిగెత్తి ఆయాసపడి కూచుండె. ఇంగ మిగిలింది నేను. పొద్దున లేస్తే పడుగు పోస్తా పోగు పట్టుకొని తిరిగిందాన్ని, పోగు ఎంత లాగాల్నో ఎంత వదలాల్నో నా వేండ్లకు తెలుసు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని, తలనెరిసిన మనిషిని, ఇసుకలో పరిగెత్తితి.

పోగు బరువెక్కె. వెనక్కి తిరిగి చూస్తే అది నా నెత్తిమీద ఉండాది. పోగు జారి కింద పడె, అది పడల్యా. ఒక్కటే పోతాండాది, సాయంకాలపు ఎండలో రెక్కలు పసుపుపచ్చగా, గంజి పెట్టిన కొత్త చీర మాదిరి. ఏరు దాటి, ఒడ్డు తిరిగి, మల్ల మాపక్కకు తిరిగొచ్చి, మెల్లగా ఇసుకలో కూచుండె. మాస్టరు చప్పట్లు కొడతా ఎగురుతాండె. ఆయప్ప ఒడ్డుమీద కూచోని దాన్ని చూడల్యా, నన్ను చూస్తాండె.

"చెప్పు" అన్యాడు.

"పరాయి మనిషుండాడు. ఇంటికి పోయినాక" అంటి, రొప్పుతా.

ఇంటికి పోయినాక, కాలు ఈడ్చుకుంటానే నాకంటే ముందర పోయి గడపకు అడ్డం నిలబడె, చేతులు చాపి, అచ్చం వాళ్ల చెల్లెలి మాదిరి. నేను నోరు తెరిస్తి. వీధిలో అందరూ చూస్తాండారు. "కాళ్లనిండా ఇసుక, ముందు కాళ్లు కడుక్కో" అంటి. ఆయన చేయి కిందనుంచి దూరి లోపలికి పోతి.

ఆ మీదట పొద్దున లేస్తే అదే. "ఎగిరిందా లేదా?" "ఎగిరింది." "మరి?" "పొయ్యిమీద కూరుండాది." "మరి?" "రేపు." నాకు ఆ అడిగించుకునేది బాగుండె పాపా. ఒక్కసారి చెప్పేస్తే ఇంగ ఏమడుగుతాడు అని. ఆయప్పకు గూడా అది తెలుసనుకుంటా, కోపం చేసుకోల్యా. మల్లొచ్చే ఎండాకాలం జరం వచ్చి పడుకున్యాడు. ఆఖరున గూడా "ఇదో అంటే ఎవురు?" అని అడిగినాడు గదా, ఆ ఆటే అది. నేను గంజి పట్టుకొని, ఇప్పుడు చెప్పేద్దామనే వస్తి.

గంజి వాసనకు బొద్దింకలు ఒక రెక్క కొరికినాయి. ఎడమదో కుడిదో ఇప్పుడు నాకు బాగా తెలుసు, ఎడమది. దానికి కాగితం అతికించి తోకమీద పేరు రాయాలని నా ఆశ. ఈ పిల్లను రాయమంటే "పెద్దోళ్ల పేరు నేనెట్ల రాసేది అత్తా" అంటాది. చదువుకొని ఏం లాభం!

సరే. ఈ కాగితంలో ఆయప్ప పేరు రావాల్సిన కాడ నువ్వు రాయొద్దు, జానెడు జాగా వదులు. వదినా, ఆ కండెలు పక్కన పెట్టి లెయ్యి. లేసి గడపకు అడ్డం నిలబడు, అప్పుడు నిలబడినట్లే, చేతులు చాపి. ముసిలిదానివైనావు, పట్టుకొని నిలబడు. నేను ఈసారి ఏడవను. పాపా, నువ్వు మొదటినుంచి చదువు, గట్టిగా. ఆ జాగా వచ్చినప్పుడు ఆగు, ఆడ నేను చెప్తా. ఊఁ, చదువు.