నీళ్ళు పెరిగేదాకా

సౌదీలోని ఖతీఫ్‌లో మేమున్న మూడో ఏడు, ఒక శుక్రవారం, నేను పడవెక్కి చేపలు పట్టడానికి వెళ్ళాను. వెళ్ళాలని నాకు పెద్దగా లేదు. ఎక్కడికైనా వెళ్దామని ఎవరన్నా అంటే నా కళ్ళకు ముందు కనిపించేది ఆ చోటు కాదు. అక్కడికి చేరేలోపు నన్ను ఎన్నిసార్లు ఎత్తాలి, ఎంతమంది ఎత్తాలి, ఎంతమందికి నేను నవ్వు మొహంతో థాంక్స్ చెప్పాలి అన్నదే కనిపిస్తుంది. ఎత్తేవాళ్ళు ఎంత అలసిపోతారో నాకు తెలియదు గానీ, ఎత్తించుకోవడం కూడా ఒళ్ళు హూనమయ్యే పనే.

కాకినాడలో నేను కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసేవాణ్ణి. ముప్ఫై మూడో ఏట స్తంభం మీంచి పడ్డాను. నడుం కింద ఒళ్ళు ఉంది, దాని కబురే నాకు అందదు. నా భార్య నర్సు. ఆవిడతోపాటు చర్చిలో పాటలు పాడిన అమ్మాయిలు సగంమంది అప్పటికే సౌదీ ఆసుపత్రుల్లో ఉన్నారు. ఆవిడా వెళ్ళింది. పరాయి దేశంలో ఆడమనిషికి తోడుగా ఇంటి మగవాడు ఉండొచ్చన్న వీసా మీద రెండేళ్ళ తర్వాత నన్ను రప్పించుకుంది. అక్కడ ఉండనిచ్చే కార్డు, నా ఇకామాలో 'పని చేయరాదు' అని రాసి ఉండేది. అరబ్బీ తెలిసినవాడొకడు అది చదివి చెప్పినప్పుడు మేమిద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత్తర్వాత అది తలుచుకున్నా నవ్వు రాలేదు.

పడవ సంగతి ఆవిడ వార్డులో మొదలైంది. మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయన అక్కడ తొమ్మిది రోజులున్నాడు. అక్కడి మనిషే. ఖర్జూరం తోటా, చేపల పడవా ఉన్నవాడు. నీ భర్త ఏం చేస్తాడని అడిగాడట. నా సంగతంతా చెప్పేంత అరబ్బీ రాక "కూర్చుంటాడు" అని చెప్పిందట మా ఆవిడ. ఆయన, పడవలో అందరూ చేసేది అదే కదా, పంపించు అన్నాడట.

నెల తిరిగాక ఆయన దగ్గర్నుంచి నిజంగానే ఫోనొచ్చింది.

"రాలేనని చెప్పు," అన్నాను.

"ఎందుకండీ?"

"నన్నెవరు మోస్తారు?"

"ఆయన పడవ మీద ఇద్దరు శ్రీకాకుళం వాళ్ళున్నారంట. వలలు లాగే మనుషులు, మీరొక లెక్కా? వెళ్ళండి. రోజూ ఈ గోడలు చూసి చూసి మీకు మాత్రం విసుగు పుట్టట్లేదా?"

విసుగు పుడుతూనే ఉంది. సరేనన్నాను.

ఆ శుక్రవారం ఆవిడకు సెలవు. అయినా తెల్లవారుజామునే లేచింది. నన్ను తయారు చేయడం అరగంటలో తేలే పని కాదు. ఒళ్ళు తుడవాలి, మూత్రం సంచి తగిలించాలి, నేను చూసుకోలేని చోట్ల ఎక్కడైనా చర్మం ఎర్రబడిందేమో వెతకాలి. బూట్లు వేస్తానంటే పడవలో తడుస్తాయి, మేజోళ్ళు చాలన్నాను. పిల్లర్ల మీద కట్టిన మా ఫ్లాట్లకు వాకిట్లో రెండే రెండు మెట్లు. ఆ రెండు మెట్ల కోసం రోజూ బంగ్లాదేశీ వాచ్‌మన్‌ను బతిమాలుకోవాలి. ఆ రోజు అక్కర్లేకపోయింది. పికప్ దిగి వచ్చిన ఇద్దరు మనుషులు మాటా పలుకూ లేకుండా కుర్చీతో సహా నన్నెత్తి కింద పెట్టారు.

వాళ్ళిద్దరూ వరసకు మామా అల్లుళ్ళు. మామకు యాభై దాటి ఉంటాయి. నల్లటి, పొడుగాటి మనిషి, కళ్ళెప్పుడూ సగం మూసే ఉంటాయి. అల్లుడు ముప్ఫై ఏళ్ళవాడు, మాటకారి.

"బాబుది ఏ ఊరేటి?" అన్నాడు అల్లుడు.

"కాకినాడ."

"అయితే మనూరే ఇంక. సముద్రం ఒక్కటే కదేటి!"

పెద్దాయన బండిలోంచి చెయ్యి ఊపాడు. ఆయనా కర్ర పట్టుకునే ఉన్నాడు.

రేవు దగ్గర తనిఖీ గదిలో ఒక సైనికుడు అందరి ఇకామాలూ తీసుకున్నాడు. నా దగ్గర ఆగిపోయాడు. పని చేయరాదని రాసి ఉన్నవాణ్ణి చేపల పడవ మీద ఎందుకు తీసుకెళ్తున్నారు, పని చేయించుకోవడానికా అని పెద్దాయన్ని అడిగాడు. పెద్దాయన నవ్వి నా కుర్చీ చూపించాడు. సైనికుడు నవ్వలేదు. పై అధికారికి ఫోన్ చేసి, ఆయన లేచి వచ్చి చూసి సరేననేసరికి గంట పైనే పట్టింది. పెద్దాయన విసుక్కున్నాడు గానీ నాకు మాత్రం కష్టమనిపించలేదు. నేను దొంగతనంగా పని చేసుకుంటానేమోనని ఒకరికి అనుమానం వచ్చి ఎన్నాళ్ళైందో!

అప్పటికింకా నీళ్ళు నిండుగానే ఉన్నాయి. పడవ అంచు గట్టు ఎత్తుకు సమానంగా ఉంది. మామ నా చంకల కింద చేతులేశాడు, అల్లుడు మోకాళ్ళు పట్టాడు. గట్టు మీంచి పడవలోకి గుమ్మం దాటించినంత తేలిగ్గా దాటించారు. నా గాలిదిండు పలక మీద వేసి కూర్చోబెట్టారు. ఒరిగిపోకుండా మామ తన తువ్వాలుతో నన్ను నీడ కోసం పాతిన గుంజకు కట్టాడు. కుర్చీ గట్టు మీదే ఉండిపోయింది.

"తొమ్మిదిన్నరకల్లా ఎనక్కొచ్చేయాల బాబూ," అన్నాడు మామ. "నీరు దిగిపోతే గట్టు ఎత్తయిపోద్ది. మిమ్మల్ని ఎక్కించడం మా వల్ల కాదు."

అలాగేనన్నాను. నాకు గట్టుకూ నీళ్ళకూ ఉన్న సంబంధం అప్పటిదాకా తెలియదు.

తీరం కనిపిస్తూండగానే ఇంజను ఆపి లంగరు వేశారు. పెద్దాయన నాకు గేలం తాడు అందించి, వేలికి ఎలా చుట్టుకోవాలో, చేప ముట్టినప్పుడు ఎంత ఆగి లాగాలో చేతులతో చూపించాడు. ఎరకు రొయ్య ముక్కలు. సీసపు గుండు అడుగుకు తగిలిన సంగతి తాడు చెబుతుంది. నా వేళ్ళకు ఆ మాట బాగా అర్థమైంది. తీగల మీద పనిచేసిన వేళ్ళు కదా.

అయినా మొదటి గంట ఏమీ లేదు. పావుగంటకోసారి రెండు చేతులూ పలక మీద ఆనించి ఒళ్ళు పైకెత్తుకోవాలి, లేకపోతే కింద పుండు పడుతుంది. ఎత్తినప్పుడల్లా తాడు వదిలేయాలి. వదిలినప్పుడల్లా చేప ఎర తినేసి పోయేది. అల్లుడు లాగాడు, పెద్దాయన లాగాడు, నాకే లేదు. ఎండ మెల్లగా ఎక్కుతోంది. ఇంక ఇంటికెళ్ళి పడుకుంటే బాగుండుననిపించింది.

తొమ్మిది దాటాక మామ లేచాడు. "ఎల్దారి," అన్నాడు. సరిగ్గా అప్పుడే నా వేలి మీద తాడు బిగుసుకుంది.

అది హమూర్, అక్కడివాళ్ళు ఇష్టపడి తినే చేప. మూరకు కాస్త తక్కువ. చేపను పైకి తెచ్చేదాకా నా భుజాలు వణికాయి. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మరో పది నిమిషాల్లో ఇంకోటి. ఆ తర్వాత వరసగా చిన్నవి మూడు.

"బాబూ, నీరు తీస్తంది," అన్నాడు మామ.

"ఇంకొక్కటి, బాబాయ్."

ఆ మాట నేనే అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లన్నాను. పెద్దాయన నా మొహం చూసి ఊరుకున్నాడు. మామ మళ్ళీ కూర్చున్నాడు. ఆ ఇంకొక్కటి పడనే లేదు.

రేవుకొచ్చేసరికి పదకొండు దాటింది. గట్టు గోడ మా తలల పైన నిలబడి ఉంది. పొద్దున పడవ అంచుతో సమానంగా ఉన్న గట్టే అది. ఇప్పుడు దాని ఒంటి నిండా నాచూ, కత్తుల్లాంటి గవ్వలూ. పైకి పోవడానికి ఇనుప నిచ్చెన. నిచ్చెన చివర, అంత ఎత్తున, నా కుర్చీ చక్రం ఒకటి కనిపిస్తోంది.

"సూద్దారి మామా, ఓపాలి," అన్నాడు అల్లుడు. వాడు పైకెక్కి బోర్లా పడుకుని చేతులు చాపాడు. మామ నన్ను చంటిపిల్లాడిలా ఎత్తి నిచ్చెన రెండు మెట్లెక్కాడు. పడవ పక్కకు జరిగింది. నా చేతులు అల్లుడి చేతులకు అందాయి, నా కాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియదు. మామ గుండె నా వీపుకు తగిలి దడదడలాడుతోంది. "దించెయ్, బాబాయ్, దించెయ్," అని అరిచాను. ఇద్దరం పలక మీద కూలబడ్డాం. ఆయన చాలాసేపు తల వంచుకుని ఆయాసపడ్డాడు.

గట్టు మీద నలుగురైదుగురు చేరి తలో సలహా చెబుతున్నారు. వలలో వేసి లాగుదామన్నాడు ఒకడు, హిందీలో. నేను చేప కాదు భాయ్ అన్నాను. నవ్వారు. నేను నవ్వలేదు.

"ఎప్పుడు పెరుగుతాయి నీళ్ళు?" అని అడిగాను.

"మూడు దాటాల."

శుక్రవారం నమాజుకు వేళవుతోంది. పెద్దాయన వెళ్ళాలి. వెళ్ళలేక వెళ్ళలేక, కర్ర ముందు పైకందించి, ఆపరేషన్ చేసిన మోకాలితో ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కాడు. నా వల్ల ఆలస్యమైందని ఆయన అనలేదు. ఎవరూ అనలేదు. అంటే నాకు కొంత తేలికయ్యేది. అల్లుడు చేపలు తీసుకుని ఆయనతో పోయాడు. మామ ఉండిపోయాడు.

ఇంటికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పావుగంట ఆగి చేశాను, ఎత్తలేదు. పన్నెండుకీ, ఒంటిగంటకీ, రెండుకీ అంతే. ఆవిడ కంగారుపడుతోందేమోనన్న దిగులు మెల్లగా కోపంగా మారింది. ఫోన్ ఎక్కడ పెట్టుకుని కూర్చుందో! తనే కదా వెళ్ళమంది.

మూత్రం సంచి నిండిపోయింది. దాని మూత కాలి దగ్గర ఉంటుంది, వంగితే నేను ముందుకు పడిపోతాను. చాలాసేపు మొహమాటపడి, చివరికి మామకు చెప్పాను. ఆయన సంచి విప్పి, నీళ్ళలోకి వంపి, సముద్రపు నీటితో చెయ్యి కడుక్కుని మళ్ళీ కూర్చున్నాడు. థాంక్స్ చెప్పబోయాను.

"ఒగ్గీండి బాబూ," అన్నాడు. "మా అమ్మకి మూడేళ్ళు నానే సేసినాను."

తర్వాత తువ్వాలు మొహం మీద వేసుకుని అక్కడే నిద్రపోయాడు. వారంలో ఆరు రోజులు సముద్రం మీద ఉండే మనిషి, ఉన్న ఒక్క సెలవూ నా కోసం పడవలోనే గడుపుతున్నాడు. నోరు తెరుచుకుని పడుకున్నవాడి పాదాల అడుగున పగుళ్ళు చూస్తూ కూర్చున్నాను. మసీదు మైకుల్లోంచి ప్రసంగం వినిపిస్తోంది. సముద్రం ఎదురుగా ఉంది. ఇన్నాళ్ళకు సముద్రం మీదికొచ్చాను కదా, ఏదో ఒకటి తోచాలి అనుకున్నాను. ఏమీ తోచలేదు. ఒళ్ళెత్తుకోవడం, దించుకోవడం. ఎత్తుకోవడం, దించుకోవడం.

నీళ్ళు పెరగడం కంటికి కనిపించదు. గోడ మీద ఒక గవ్వను గుర్తు పెట్టుకున్నాను. కాసేపటికి అది మునిగింది. ఇంకోదాన్ని పెట్టుకున్నాను. మూడున్నరకు నా తల గట్టు కన్నా పైకి వచ్చింది. నాలుగుకు అల్లుడు తిరిగొచ్చి, ఇద్దరూ కలిసి పొద్దున దించినంత తేలిగ్గా నన్ను కుర్చీలోకి చేర్చారు.

ఇంటికొచ్చేసరికి దాదాపు అయిదు. బెల్లు రెండుసార్లు కొట్టాక తలుపు తెరిచింది. జుట్టు చెదిరిపోయి ఉంది. బుగ్గ మీద దిండు ముడతలు అచ్చుపడి ఉన్నాయి.

"అప్పుడే వచ్చేశారా?" అంది.

కోపంతో అందామని దారి పొడుగునా పేర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఆగిపోయాయి. పొద్దున నన్ను పంపించి మంచమెక్కింది, ఇప్పుడు లేచింది. తిండి లేదు, ఫోన్ మోత వినలేదు. ఆసుపత్రిలో పన్నెండు గంటలు రోగుల్ని అటూ ఇటూ తిప్పి, ఇంటికొచ్చి నన్ను తిప్పే మనిషి. రెండు గంటలకోసారి నన్ను పక్కకు ఒత్తిగిలబెట్టడానికి రాత్రుళ్ళు లేచే మనిషి. నేను ఆ దేశం వచ్చాక ఆవిడ అంతసేపు ఒక్క బిగిన పడుకున్నది అదే మొదటిసారి. నాకు ఆ లెక్క అప్పటిదాకా తట్టనే లేదు.

"చేపలు పడ్డాయా?" అంది ఆవలిస్తూ.

"రెండు హమూర్లు."

నవ్వింది. నన్ను మంచం మీదికి మార్చి మేజోళ్ళు తీయబోయింది. ఎడమకాలి మేజోడు రాలేదు. మడమకు రక్తంతో అతుక్కుపోయింది. గోడమీది గవ్వలు ఎప్పుడో కోసేశాయి, నాకు తెలియలేదు. ఆవిడ నేల మీద కూర్చుని నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే చూసింది. తర్వాత లేచి వేణ్ణీళ్ళు పెట్టింది.

ఆ పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. రోజుకు రెండు కట్లు. డ్యూటీకి ముందొకటి, వచ్చాక ఒకటి. కట్టు కడుతూ ఒకరోజు కూర్చున్నచోటే కునికింది. కత్తెర చేతిలోంచి జారి పడింది. నేను తీసివ్వబోయాను, అందలేదు.

చలికాలం పోయాక పెద్దాయన మళ్ళీ ఫోన్ చేశాడు. ఆవిడే తీసింది. నన్ను అడక్కుండానే వస్తాడని చెప్పింది. ఈసారి నేనూ మారుమాటాడలేదు. బూట్లు వేయించుకున్నాను. ఎనిమిదింటికే "ఎల్దారి" అని నేనే అన్నాను. తొమ్మిదికల్లా గట్టెక్కేశాం.

"ఇంటికి దించేమంటారేటి?" అని అడిగాడు మామ.

"సాయంత్రందాకా వద్దు బాబాయ్. మీ గదికి పోదాం."

వాళ్ళ గది రేకుల షెడ్డు. నేల మట్టంగా ఉంది, మెట్లు లేవు. అల్లుడు చేపల పులుసు వండాడు. తిన్నాక మామ నన్ను తన మంచం మీద ఒత్తిగిలబెట్టి, తను చాప మీద పడుకున్నాడు. కాసేపటికి ఇద్దరూ గురక పెడుతున్నారు. నాకు నిద్ర పట్టలేదు. పక్క మార్చాల్సిన వేళ దాటుతోంది గానీ, వాళ్ళను లేపబుద్ధి కాలేదు. మంచం అంచు పట్టుకుని, మోచేతి మీద బలం పెట్టి, కొంచెం కొంచెంగా, నాకు నేనే అటువైపు తిరిగాను. చాలాసేపు పట్టింది.