డప్పుకి ఆడని గుర్రం

నారాయణగూడలో మా కాలేజీ ఉన్న సందులో రెండు ఫంక్షన్ హాళ్ళు ఉన్నాయి. గుర్రాల శిక్షణ, పునరావాసం నేర్పే కాలేజీకి ఇంతకన్నా తప్పు చోటు ఉండదని చేరిన కొత్తలో అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోను.

కాలేజీ అంటే పెద్దదేం కాదు. అపార్ట్‌మెంట్‌గా మారకుండా మిగిలిపోయిన ఒక పాత బంగళా. మేడ మీద తరగతులు, వెనక రేకుల సాల, దాని ముందు ఇసుక పోసిన ఆవరణ. స్వారీకి మమ్మల్ని వారానికోసారి ఊరి బయటికి తీసుకెళ్ళేవారు. మిగతా చదువంతా అక్కడే. నడకలో తేడా కనిపెట్టడం, గిట్ట ఎత్తి చూడటం, దెబ్బతిన్న కాలిని మెల్లగా పనిలోకి తేవడం, ఒక అలవాటు మాన్పించి ఇంకో అలవాటు చేయడం.

అంతకుముందు అశోక్‌నగర్‌లో మా వీధి వీధంతా చేసే పనే నేనూ చేసేదాన్ని, గ్రూప్స్‌కి చదవడం. మా అన్నయ్య పోయాక అది సాగలేదు. ఒక మధ్యాహ్నం ఆఫీసులో కుర్చీలోనే పోయాడు. చిక్కడపల్లి లైబ్రరీకి మాత్రం రోజూ వెళ్ళేదాన్ని. చదవాల్సినవి పక్కన పెట్టి జంతువుల పుస్తకాలు చదివేదాన్ని, ఎందుకంటే వాటిలో చనిపోయిన అన్నలు ఉండరు. ఈ కోర్సు సంగతి అక్కడి పేపర్లోనే చూశాను. ఇంట్లో చెప్పాను. అమ్మ, "కలెక్టరు అవుతావనుకుంటే గుర్రాల కాళ్ళు పడతానంటున్నావు. సరే, తన్నించుకోకు," అంది. అది ఒప్పుకోవడమేనని నాకు తెలుసు.

అన్నయ్య గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. మా ఇళ్ళల్లో శవం ముందు డప్పు కొట్టించే అలవాటు లేదు. తాతగారు ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, చావుకీ పెళ్ళికీ అక్కడి పద్ధతే నడిచింది. కానీ అన్నయ్య పక్కనే చిక్కడపల్లి గల్లీల్లో పెరిగిన మనిషి. ఏ వినాయకుడి ఊరేగింపులోనూ నిలబడి చూసినవాడు కాదు, చెమటతో చొక్కా అంటుకుపోయేదాకా ఆడేవాడు. అందుకని అతని స్నేహితులు నాన్నని అడిగి డప్పులు తెచ్చారు. ఏడుస్తూనే వీధి చివరిదాకా ఆడారు. ఆ తరవాత వీధిలో డప్పు మోగితే చాలు, నేను కిటికీలు మూసేదాన్ని.

రెండో ఏడు మాకు ఒక్కొక్కరికీ ఒక గుర్రాన్ని అప్పగించారు. నాకు వచ్చింది తెల్లది, పెళ్ళిళ్ళలో బారాత్‌కి తిరిగిన గుర్రం. కుడి ముందుకాలి వెనక తాడులా ఉండే స్నాయువు చిరిగింది. కారణం అందరికీ తెలిసిందే. బారాత్ గుర్రానికి డప్పు వినపడగానే ముందుకాళ్ళు ఒకదాని తరవాత ఒకటి ఎత్తి వేయడం నేర్పుతారు. సిమెంటు రోడ్డు మీద, పెళ్ళికొడుకుని మోస్తూ, ముహూర్తాలున్నన్ని రోజులూ ఆడుతుంది. కాలు ఎంతకని ఓరుస్తుంది?

దాని యజమాని అంబర్‌పేట్ నుంచి వచ్చాడు. బక్కగా, నవ్వుతూ ఉండే పెద్దాయన. కుర్తా జేబులో ఎప్పుడూ కాగితంలో చుట్టిన బెల్లం ఉండేది. గుర్రాన్ని పిల్లప్పటినుంచీ ఆయనే పెంచాడు. డప్పు మోగినప్పుడు కాలెత్తితే బెల్లం ముక్క, అలా నేర్పానని గర్వంగా చెప్పాడు. మా సార్ పశువైద్యులు, ముప్పైయేళ్ళుగా గుర్రాలే చూస్తున్నారు. ఈ కాలితో ఇంకో సీజను ఆడితే గుర్రం లేవదని పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పారు. ఊరి బయట ఒక స్వారీ బడివాళ్ళు పిల్లలని ఎక్కించి మెల్లగా నడిపించడానికి ఇలాంటి నెమ్మదైన గుర్రం కోసం చూస్తున్నారనీ, ఇస్తే అక్కడ హాయిగా బతుకుతుందనీ అన్నారు. కాకపోతే పిల్లలు పైన ఉండగా రోడ్డు మీద డప్పు మోగి గుర్రం ఆడటం మొదలుపెడితే వాళ్ళూ తీసుకోరు.

పెద్దాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఇప్పుడు మూఢం నడుస్తుంది, లగ్గాలు లెవ్వు. అందాక మీ కాడ్నే ఉంచుత. ముహూర్తాలు షురూ అయినంక డప్పు ముంగట నిలవెడ్త. ఆడిందనుకో, నా గుర్రం నాది, తీస్కపోత. ఆడకుంటే నాకెందుకు సార్, ఆడని గుర్రాన్ని పెండ్లికొడుకు ఎక్కుతడా? మీరే ఉంచుకోండ్రి."

తరవాత నా వైపు తిరిగి, "మేడమ్, నేను ఆరేండ్లు నేర్పిన. నువ్వు మూఢంల మర్చిపిస్తవా? జర చూస్త," అని నవ్వాడు.

మొదటి నెల కాలు చూసుకోవడమే సరిపోయింది. పొద్దున, సాయంత్రం చల్లని నీళ్ళు పట్టడం, కట్టు మార్చడం, చేత్తో తడిమి వేడి ఎక్కడుందో చూడటం, గట్టి నేల మీద పగ్గం పట్టుకుని నడిపించడం. కాలు చల్లబడింది. ఆ పని నాకు బాగా వచ్చు. గుర్రం కూడా నన్ను గుర్తుపట్టి, గేటు దగ్గర నా చెప్పుల చప్పుడుకే సకిలించేది.

డప్పు విషయంలో మాత్రం నా ఆలోచన పూర్తిగా ఫోన్ మీద నడిచింది. డప్పు వీడియోలు వెతికి, తక్కువ శబ్దంతో మొదలుపెట్టి రోజూ కొంచెం పెంచుతూ సాల దగ్గర వినిపించాను. గుర్రం చెవులు కదిపేది, తర్వాత గడ్డి తినేది. స్పీకరు పెట్టినా అంతే. గెలిచామనుకుని క్లాసువాళ్ళందరికీ నారాయణగూడ చౌరస్తాలో చాయ్ ఇప్పించాను. ఆ వారమే మా సందు చివర ఏదో బస్తీ పండగ. నలుగురు కుర్రాళ్ళు నిజం డప్పులు మంట మీద కాచి కొట్టారు. గోడ అవతల ఆ తోలు మోగగానే గుర్రం సాలలోనే మోకాళ్ళు ఎత్తడం మొదలుపెట్టింది. నేను పగ్గం పట్టుకుని వేలాడాను. మర్నాటికి కాలు మళ్ళీ వాచింది.

సార్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాలు నొక్కి చూసి, దెబ్బ లోతుగా లేదు, మళ్ళీ మొదలుపెట్టు అన్నారు.

ఆ సాయంత్రం లైబ్రరీలో కూర్చుని నా గురించే ఆలోచించాను. టీవీలో, ఫోన్లో డప్పు వస్తే నాకేమీ అయ్యేది కాదు. వీధిలో మోగితేనే లేచి కిటికీ మూసేదాన్ని. అసలైన డప్పు చెవికి కాదు, ఛాతీకి తగులుతుంది. నాకు తెలిసిన ఈ సంగతి గుర్రం దగ్గర ఎందుకు మర్చిపోయానో తెలియదు. దానికి కావలసింది నిజమైన డప్పు. కొట్టే మనిషి రోజూ కావాలి, చెప్పినచోట ఆపాలి.

చిక్కడపల్లిలో అన్నయ్య స్నేహితుడొకడు ఉన్నాడు. పగలు ఆటో నడుపుతాడు, పండగలకీ పెళ్ళిళ్ళకీ డప్పు కొడతాడు. అన్నయ్య పోయినరోజు మా వీధిలో డప్పుతో ముందు నడిచినవాడు అతనే. అప్పటినుంచీ నేను వాళ్ళ గల్లీలోకి వెళ్ళలేదు. ఈసారి వెళ్ళి విషయం మొత్తం చెప్పాను. అతను విని తల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అందరు గుర్రాన్ని ఆడించనీకి డప్పు కొట్టుమంటరు. ఆడకుండ చెయ్యనీకి కొట్టుమన్నది నువ్వే, చెల్లె. మీ అన్న ఉంటే ఎంత నవ్వుతుండెనో."

ఇద్దరం నవ్వాం. అన్నయ్య పేరు మధ్యలో ఉండగా నవ్వడం నాకు అదే మొదలు.

అతనికి రోజూ కుదరదు, కిరాయిలు పోతాయి. అందుకని నాకే నేర్పాడు. కుడిచేతిలో లావు పుల్ల, సిర్ర. ఎడమచేతిలో సన్నది, సిటికెన పుల్ల. డప్పుని భుజానికి వేసుకుని ఛాతీకి ఆనించాలి. మొదటి దెబ్బకి నా పక్కటెముకలు అదిరాయి. పుల్లలు కింద పెట్టేశాను. అతను అటు తిరిగి ఆటో అద్దం తుడుస్తూ నిలబడ్డాడు. కాసేపటికి నేనే మళ్ళీ తీసుకున్నాను.

పద్ధతి చాలా సులువైనది, ఓపిక ఉంటే. పెద్దాయన నేర్పింది ఇది: డప్పు, మోకాలు, బెల్లం. శబ్దాన్ని మార్చలేం, బెల్లం మీది ఇష్టాన్నీ మార్చలేం. మధ్యలోది మార్చాలి. తల కిందికి దించిన గుర్రం ఆడలేదు, మెడ వంగితే ముందరి భాగం బరువెక్కి మోకాలు పైకి రాదు. అందుకని డప్పు, తల దించడం, బెల్లం. సార్ పగ్గం పట్టుకునేవారు. నేను ఆవరణ అటు చివర నిలబడి ఒక్క దెబ్బ వేసేదాన్ని. గుర్రం మోకాలు లేపితే ఆపేసి ఊరుకోవడం. అది విసిగి, నేలని వాసన చూడటానికి ముక్కు దించిన క్షణంలో సార్ చేతిలోంచి బెల్లం. మళ్ళీ ఒక దెబ్బ. తోటివాళ్ళు మేడ మీద నుంచి చూసి, బ్యాండు మేళానికి బుకింగులు తీసుకుంటున్నావా అని అడిగేవారు. తీసుకుంటున్నానని చెప్పేదాన్ని.

మొదట్లో గుర్రం నన్ను అనుమానంగా చూసేది. ఒక సాయంత్రం నేను దెబ్బ వేయగానే, సార్ ఏమీ చేయకుండానే, తల దానంతటదే దిగింది. సార్ నాకేసి చూశారు. నేను ఇంకో దెబ్బ వేశాను. మళ్ళీ దిగింది. అక్కడి నుంచి పని పరిగెత్తింది. ఒక దెబ్బ రెండయింది, రెండు వరస అయింది, నేను అడుగడుగూ దగ్గరికొచ్చాను, బెల్లం నా జేబులోకి మారింది. చివరికి తీన్మార్ కొడుతూ దాని చుట్టూ తిరిగినా, అది ముక్కు నేలకి ఆనించి నా జేబు వైపు కళ్ళు తిప్పేది.

మూఢం వెళ్ళింది. మొదటి ముహూర్తానికే మా సందులో పెళ్ళి. పెద్దాయన తన ఇంకో గుర్రాన్ని అలంకరించి తీసుకొచ్చాడు. పరీక్ష ఇక్కడే అయిపోనీ అన్నాడు. డప్పులవాళ్ళని ఆడపిల్లవాళ్ళు చిక్కడపల్లి నుంచి మాట్లాడారు. ముందు నిలబడ్డది అన్నయ్య స్నేహితుడే.

నేను గుర్రాన్ని కాలేజీ గేటు బయటికి తెచ్చి పగ్గం వదులుగా పట్టుకున్నాను. బిగించి ఆపితే అది గెలుపు కాదు. నలుగురు డప్పులవాళ్ళు, వాళ్ళ వెనక ట్రంపెట్లు, లైట్లు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు, ఆడుతున్న కుర్రాళ్ళు. నేనొక్కదాన్ని కొట్టిన డప్పుకి ఇది పదింతల చప్పుడు. పెళ్ళికొడుకు గుర్రం మోకాళ్ళు ఎత్తడం మొదలుపెట్టింది. మాది చెవులు నిక్కించింది. ఒళ్ళంతా వణికింది. కుడి గిట్ట నేల వదిలింది.

పగ్గం బిగించలేదు. నేను చేయగలిగింది అప్పటికే చేసేశాను.

గిట్ట నేల మీదికి వచ్చింది. మెడ వంగింది. బారాత్ మొత్తం మా ముందు నుంచి పోతుంటే ఆ తెల్ల గుర్రం నారాయణగూడ రోడ్డుని వాసన చూస్తూ నిలబడింది, ఏదో పడిపోయిన వస్తువు వెతుకుతున్నట్టు. గేటు పైనుంచి మా క్లాసువాళ్ళు ఈలలు వేశారు. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

పెద్దాయన పెళ్ళికొడుకు గుర్రం పగ్గం పక్కవాడికిచ్చి, మా దగ్గరికొచ్చి గుర్రం కుడికాలు తడిమాడు. చల్లగా ఉంది. లేచి దాని మెడ నిమిరాడు.

"ఆడలే," అన్నాడు. "ఇగ మీదే, మేడమ్. మాట మాటే."

అన్నయ్య స్నేహితుడు మేళాన్ని ఆగమని, వెనక్కి వచ్చి తన డప్పు తీసి నా భుజానికి తగిలించాడు. ఒక్క చెయ్యి వెయ్యమన్నాడు. పగ్గం సార్‌కిచ్చి తీన్మార్ అందుకున్నాను. ముందు తప్పింది, తరవాత కుదిరింది. పెళ్ళివాళ్ళు మా చుట్టూ ఆడారు. అన్నయ్య ఉంటే అందరికన్నా ముందు ఉండేవాడు. అలా అనుకుంటూనే కొట్టాను, చేతులు ఆగలేదు.

గుర్రం తల దించుకుని వచ్చి నా జేబుని ముక్కుతో పొడిచింది. డప్పు మోగింది, తల దించింది, దాని లెక్క ప్రకారం బెల్లం రావాలి. నా రెండు చేతులకీ ఖాళీ లేదు. అది పొడుస్తూనే ఉంది.

పెద్దాయన చూశాడు. కుర్తా జేబులోంచి కాగితం పొట్లం తీసి, ఒక ముక్క విరిచి, అరచేయి నేలకి దగ్గరగా పెట్టాడు, దాని తల ఇంకాస్త దిగేలా.