దిగుడుబావి మెట్ల మీద రూతమ్మ

తర్లుపాడు దగ్గరి పాలెంలో రూతమ్మను చెడ్డదని అన్నవాళ్లు చాలాకాలం ఎవరూ లేరు. ఇబ్బంది అక్కడే వచ్చింది. మంచిదని పేరు పడ్డ మనిషి చేసే పనిని ఎవరూ పరీక్షించరు. ఆ మనిషి అసలే పరీక్షించుకోదు.

అవి నారికురుపుల రోజులు. అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం తాలూకాలో, ఎండలు ముదిరేసరికి కూలిజనం ఇళ్లలో ఇంటికొకరు కాలికి కట్టుతో కనిపించేవారు. చీలమండ దగ్గర బొబ్బ లేచి, మంట పెట్టి, పగిలి, లోపలినుంచి దారంలాంటి తెల్లటి పురుగు తల బయటపెట్టేది. లాగితే తెగుతుంది. తెగితే కాలు చీము పడుతుంది. రూతమ్మ భర్త దేవదానం అట్లాగే పోయాడు. ఎవరో తొందరపడి లాగారు.

ఆ తరువాత రూతమ్మ పట్టుపట్టి పురుగు తీయడం నేర్చుకుంది. కందిపుల్లకు పురుగు కొస చుట్టి, రోజూ కాస్త కాస్తగా, తెగకుండా, వారాల తరబడి తీసేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పురుగు సులువుగా రావాలంటే కాలు చల్లబడాలి. అందుకని రోగిని దిగుడుబావికి నడిపించేది, నడవలేనివాళ్లను వీపున మోసేది. మెట్ల మీద కూర్చోబెట్టి కాలు నీళ్లలో పెట్టించేది. మంట ఇట్టే తగ్గేది. పుండులోంచి పాలలాంటిది సన్నగా నీళ్లలో కలిసేది.

“విషం దిగుతా ఉండాది, కదలొద్దు” అనేది రూతమ్మ తృప్తిగా.

పాలెమంతా తాగేది ఆ బావి నీళ్లే.

ఒక వేసవిలో మార్కాపురం నుంచి హెల్త్ ఇన్‌స్పెక్టర్ కాలేషా సైకిల్ మీద వచ్చాడు. గాజుగ్లాసుతో బావినీళ్లు ముంచి ఎండకెత్తి చూపించాడు. తెల్లటి నలుసులు గంతులేస్తున్నాయి.

“చూసినావా అవ్వా? నువ్వు విషమంటావే, ఆ పాలు పురుగు పిల్లలు. ఈ నలుసులు వాటిని తింటాయి. నలుసుల్ని మీరు తాగుతారు. ఏడాదికి మీ కాల్లోంచి పురుగై వస్తాది. కురుపు కాలు బావిలో పెట్టనీయొద్దు.”

“నేను ఎవురికీ చెడుపు చేసేదాన్ని కాదు సాయిబూ. నా మనసు దేవునికి తెలుసు.”

“దేవునికి తెలుసులే అవ్వా. పురుగుకు తెలియదు గదా.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రూతమ్మకు ఒళ్లు మండింది. సైకిల్ కనుమరుగు కాగానే ఇంకొకణ్ణి బావిలోకి దించింది.

ఆమెను మూర్ఖురాలని తేల్చేయడం తేలిక, తప్పు కూడా. కళ్లముందు జరిగేదంతా ఆమె పక్షానే ఉంది. కాలు నీళ్లలో పెట్టగానే మనిషి ఏడుపు ఆపి, ఆమె చేతులు కళ్లకద్దుకునేవాడు. ఫలితం మాత్రం ఏడాది తరువాత, ఇంకొకరి కాల్లోంచి వస్తుంది. మంచి మనసుకు ఎదుట ఏడుస్తున్న మనిషిని దాటి ఏదీ కనిపించదు. మనసు నిర్మలంగా ఉంటే చేసే పని దానంతటదే మంచిదవుతుందని ఆదివారం ఆదివారం చెప్పేవాళ్ల చేతికి, ఆ బావినీళ్లు ఒక గ్లాసు ఇచ్చి తాగమనాలి.

ఆ వేసవికి ముందే ఆమె కొడుకు ఏబేలుకు పెళ్లయింది. కోడలు దయామణిది పామూరు. వాళ్లది చేదబావి, ఎవరి కాలూ నీళ్లను తాకదు, తాతలనాటి నుంచి ఆ ఇంట్లో నారికురుపు ఎరిగినవాళ్లు లేరు. మరుసటి వేసవికి దయామణి చీలమండ మీద బొబ్బ లేచింది.

రూతమ్మ ఆ కాలు ఒళ్లో పెట్టుకొని చాలాసేపు చూసింది. పామూరులో రానిది ఇక్కడ ఏం తాగితే వచ్చిందో ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

“బావికి పోదాం అత్తా. ఓర్చుకోలేకుండా ఉండాను.”

“వద్దు. కుండతో తెచ్చి పోస్తాను.”

“కుండనీళ్లు గడియలో కాగిపోతాయి. ఊరందరినీ వీపున మోసినావంట గదా. నేనేం పాపం చేసినాను?”

“చేసింది నువ్వు కాదు” అని రూతమ్మ కుండ ఎత్తుకొని వెళ్లింది.

దయామణి ఏడుపు పాలెమంతా వినిపించింది. పక్కింటి పిచ్చమ్మ గోడ మీదుగా తల పెట్టి, “పరాయి బిడ్డలకు అమ్మ, కోడలికి మాత్రం అత్త” అంది. ఏబేలు తల్లితో మాట్లాడడం మానేశాడు. కురుపు కాలు బావిలో పెట్టొద్దని రూతమ్మ నలుగురికీ చెప్పబోయింది. “విషం దిగుతాదని చెప్పింది నువ్వే గదా” అని నవ్వారు. కీడు చేసినన్నాళ్లూ దండాలు పెట్టినవాళ్లు, కీడు మానగానే ఆమెను రాతిగుండె మనిషన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం వరసకు కొడుకయ్యే ఆశీర్వాదం కుంటుకుంటూ బావికి వచ్చాడు. రూతమ్మ పైమెట్టు మీద చేతులు చాచి అడ్డంగా నిలబడింది.

“తప్పుకో పెద్దమ్మా. నిరుడు నువ్వే గదా దించింది.”

“నిరుడు దించినాను. ఇప్పుడు దించను.”

“ఎందుకంట?”

ఆమె నలుసుల సంగతి మొదలుపెట్టింది. అతను వినలేదు.

“అదంతా నాకొద్దు. కోడలి మీది కోపం మా మీద తీర్చుకుంటా ఉండావు, అంతే గదా?”

రూతమ్మ చాచిన చేతులు దించలేదు.

“ఆ, కోపమే. ఇంటికి పో” అంది.

ఆశీర్వాదం నోటికొచ్చింది తిట్టుకుంటూ వెనక్కి తిరిగాడు. రూతమ్మ మెట్లు దిగి కుండ ముంచుకొని, ఆ తిట్లు వింటూనే అతని వెనకాల నడిచింది.